బంతి లేని వైపు

ఆ కుర్రాడు మళ్లీ చెయ్యెత్తాడు. పూర్తిగా కాదు, మోచేతి దాకా. జవాబు తెలిసీ, పంతులు తనను అడగడని కూడా తెలిసిన పిల్లాడు ఎత్తినట్టు. నా దగ్గర ఎవరూ లేరు, బంతి ఇటు వెయ్యండి అని దాని అర్థం. మెట్ల పైన చెక్క గదిలో, గాజు కిటికీ వెనక, చెవులకు ఫోను తగిలించుకుని కూర్చున్న ఎర్విన్ కుబెనా ఆ చెయ్యి చూశాడు. చూసి, ఎదురుగా ఉన్న అట్ట మీదికి కళ్లు దించాడు. ఆ అట్ట మీది ఎత్తులన్నీ అతను రాసినవే, చదవాల్సిన పని లేదు. బంతి మధ్యలోకే వెళ్లింది, అక్కడ గుంపు గుంపుగా పడి లేచారు, ముందుకు జరిగింది రెండు గజాలే. కుర్రాడి చెయ్యి కిందికి దిగింది. అది దిగిన తీరు ఎర్విన్‌కు తెలుసు. ముందు వేళ్లు దిగుతాయి, తర్వాత మణికట్టు, చివరికి భుజం. తొడకు తుడుచుకున్నట్టు చేస్తారు, అసలు ఎత్తనే లేదన్నట్టు. ఈ మైదానంలోనే యాభై ఏళ్ల కిందట అతను ఆ చెయ్యి ఎన్నిసార్లు దించుకున్నాడో భార్య లిడ్డీకి కూడా చెప్పలేదు.

ఆటలో ఆఖరిదైన నాలుగో భాగం సగం అయిపోయింది. వెల్కా బడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది, బంతితో చివరి గీత దాటితే ఆరు వస్తాయి. నిన్న శుక్రవారం రాత్రి ఆడాల్సిన ఆట ఉరుములొచ్చి ఆగిపోతే ఈ మధ్యాహ్నానికి జరిపారు. తడిసిన గడ్డి ఎండకు ఆవిరి కక్కుతోంది, పచ్చిమేత వాసన గాజు సందులోంచి వస్తోంది. కింద మెట్ల నిండా ఊరు. పాత విద్యార్థులంతా తిరిగొచ్చే ఆట ఇది, ఏడాదికొక్కటి. ఆడపిల్లల గుండెల మీద పళ్లెమంత గుడ్డపూలు, వాటికింద మోకాళ్ల దాకా రిబ్బన్లు, రిబ్బన్లకు గంటలు. పిల్లలు కదిలినప్పుడల్లా మేకలమంద కదిలినట్టు చప్పుడు. ప్రతి శరదృతువులో ఆ పూలు సగం ఊరికి లిడ్డీయే చేసేది. వంటింటి బల్ల మీద జిగురు తుపాకీ, నేలంతా రిబ్బను ముక్కలు, ఎర్విన్ సాక్సులకు అంటుకున్న మెరుపుపొడి. ఈ ఏడు ఎవరో వేరేవాళ్లు చేశారు. గంటలు ఎక్కువ పెట్టారు. లిడ్డీ అన్ని పెట్టేది కాదు. ఫిబ్రవరిలో పోయింది, అక్టోబరుకు ఆమె చోట్లో ఇంకొకరు కూర్చుని గంటలు ఎక్కువ పెడుతున్నారు, ఎవరికీ తేడా తెలియడం లేదు.

"మాస్టారూ," చెవిలో బ్రానన్ గొంతు. పెద్ద కోచ్ అతనే, గీత పక్కన నిలబడి పైకి చూస్తున్నాడు. ఒకప్పుడు ఎర్విన్ దగ్గర వడ్రంగం పని నేర్చుకున్నాడు, సరిగా నేర్చుకోలేదు. "వాళ్ల వెనక కాపు ట్రేస్ వెంట పోవడం మానేశాడు. చూస్తున్నారా?"

"చూస్తున్నాను."

"మరి?"

"ఇంకోసారి చూద్దాం."

చూడటానికేముంది. వెనక కాపు అంటే అందరికంటే వెనక నిలబడి, ఎవడూ తనను దాటిపోకుండా చూసేవాడు. ఈ ఏటి ఆటలు మొదలైన దగ్గర్నుంచీ వెల్కా గెలిచిన ప్రతి ఆటా ఆ ఒక్కడిని మోసం చేసి గెలిచిందే. ఆ చెయ్యెత్తే కుర్రాడు, ట్రేస్ హోలుబ్, పరుగు అందుకోగానే వెనక కాపు హడలిపోయి వాడి వెంట పడేవాడు, కొన్ని ఊళ్లవాళ్లు ఇద్దరిని పంపేవాళ్లు, మధ్యలో నేల ఖాళీ అయ్యేది, బంతి అక్కడికి పోయేది. ట్రేస్ ఎర. ఎర పని నీళ్లలో ఉండటమే, కొరకడం కాదు. బ్రానన్‌కు అలాగే చెప్పాడు, ఊరికీ అలాగే చెప్పాడు, గెలుస్తున్నన్నాళ్లూ ఊరు సణుక్కుంటూనే ఊరుకుంది. కానీ చేపలకు కూడా తెలుస్తుంది. ఇవాళ్టి ఎదుటి జట్టు గార్నర్‌విల్, దాని కోచ్ వెనకటి ఆటలన్నీ చూసుకుని వచ్చి తన పిల్లలకు ఒకే ఒక్క మాట చెప్పి ఉంటాడు: ఆ పరుగెత్తేవాడి దగ్గరికి బంతి రాదు, వాణ్ణి వదిలెయ్యండి. వదిలేశారు. ఇప్పుడు ట్రేస్ గాలితో పరుగెత్తుతున్నాడు, వెంట గాలి తప్ప ఎవరూ లేరు. ఎప్పుడూ బంతి వెయ్యని ఎర ఎరే కాదు. ఆ సంగతి ఎర్విన్‌కు తెలియక కాదు. ఈ ఊళ్లో ఆ సంగతి అతనికంటే బాగా తెలిసినవాడు లేడు.

ఆ వేగం. పరిగెడుతుంటే వాడి తల కదలదు, నెత్తి మీద గ్లాసుడు నీళ్లు పెట్టినా తొణకవు. మిగతా పిల్లలు నేలను తంతూ పరుగెడతారు, వీడు నేలను అడిగి తీసుకున్నట్టు పరుగెడతాడు. మొదటి రోజు సాధన మైదానంలో వాణ్ణి చూసినప్పుడు ఎర్విన్ నోట్లో పుల్లటి నీరు ఊరింది. ఇంత వేగం నాకుండేది అనుకున్నాడు. నాకుండేది, ఎవరూ వాడలేదు. పైగా వీడికి చేతులు కూడా ఉన్నాయి. వేళ్లు విప్పితే బంతి పెంపుడు పిట్టలా వచ్చి కూర్చుంటుంది. ఎర్విన్ చేతులు అలాంటివి కావు. పదిహేడో ఏట మొదటి ఆటలో మొదటి బంతి వేళ్ల సందులోంచి జారింది. ఒక్కసారి. అప్పటి కోచ్ హంజెల్కా పొగాకు నములుతూ పిలిచి, "నీ కాళ్లు నాకు కావాలిరా కుబెనా, చేతులు ఇంట్లో పెట్టి రా" అన్నాడు. ఆ ఏడంతా ఎర్విన్ చేతులు ఇంట్లోనే ఉన్నాయి.

దబ్‌మని గాజు మీద పిడికిలి. కింద వరసలోంచి మిల్టన్ హోలుబ్ వెనక్కి తిరిగి నవ్వుతున్నాడు. ఆ వరసకు ఎప్పుడూ తాడు కట్టి ఉంటుంది, గదిలోవాళ్లకు చూపు అడ్డం రాకుండా. ఇవాళ తాడు విప్పి, యాభై ఏళ్ల కిందట జిల్లా గెలిచిన జట్టును తెచ్చి మర్యాదగా అక్కడ కూర్చోబెట్టారు. మిగిలిన ఆరుగురు ముసలాళ్లు, తెల్ల టోపీలు, మధ్యలో మిల్టన్. పక్కన అతని భార్య డొరతీ, ఒళ్లో కాఫీ ఫ్లాస్కు. డొరతీ బతికే ఉంది. మోకాలు మార్చారు, గుండెకు ఏదో పెట్టారు, నిక్షేపంలా ఉంది.

"ఏరా ఎర్విన్! మా మనవడికి బంతి ఇవాళ ఇస్తావా, వాడి పెళ్లికి చదివిస్తావా?"

చుట్టూ టోపీలన్నీ నవ్వాయి.

"నీ సాసేజి నువ్వు తినరా."

"తింటూనే ఉన్నాగా. నీకూ తెమ్మంటావా? నీ మొహం చూస్తే పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేదు."

"ఇటు తిరగరా మిల్టన్, బాబుని పని చేసుకోనీ," అంది డొరతీ. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషిని బాబు అంటుంది. భార్య పోయినప్పటి నుంచి ఊరి ఆడవాళ్లందరికీ అతను బాబే. గిన్నెల్లో నూడుల్సు తెచ్చి గుమ్మంలో పెట్టి పోతారు, గిన్నె అడుగున తమ పేర్లు అంటించుకుని.

మిల్టన్ ఎప్పుడూ ఇంతే, మంచివాడు. అదే ఎర్విన్ భరించలేనిది. గెలిచినవాడు మంచివాడు కావడంలో గొప్పేముంది, ఖర్చేముంది. క్షౌరశాల గోడ మీద ఇప్పటికీ ఆ ఫొటో ఉంది, మిల్టన్ గాల్లో, ఇద్దరు ఆటగాళ్లు చెరో పక్క వేలాడుతూ, బంతి అతని చేతుల్లో. ఎర్విన్ జుట్టు కత్తిరించుకున్నప్పుడల్లా, ప్రతి నెలా, యాభై ఏళ్లుగా, ఆ ఫొటో కింద తల వంచి కూర్చున్నాడు. ఎవరు ఆ ఫొటో మాట ఎత్తినా మిల్టన్ ఒకటే మాట అనేవాడు, "అదంతా ఎర్విన్ పుణ్యం. వెనక కాపును వాడు అవతలి పక్కకు లాక్కుపోయాడు, లేకపోతే నా మీద ముగ్గురు పడేవాళ్లు." ఆ మాట మీదే ఎర్విన్ బతికాడు. పెళ్లి చేసుకున్నాడు, బడిలో ఉద్యోగం చేశాడు, ఆవుల్ని మేపాడు, అన్నీ ఆ మాట మీదే. బంతి రాకపోయినా ఆట నేనే గెలిపించాను. నేను లాక్కుపోయాను.

సోమవారం ఆ మాట చచ్చిపోయింది. ఆ జిల్లా ఆట పాత ఫిల్మును ఎవరో బాగు చేయించి తెచ్చారు, బడి భోజనాల గదిలో తెర కట్టి వేశారు, పాత జట్టంతా కాగితపు ప్లేట్లలో కొలాచీలు, పండ్ల ముద్ద పెట్టిన తియ్యటి బన్నులు, తింటూ చూశారు. బూడిదరంగు మనుషులు, చప్పుడు లేదు. చివరి ఎత్తు వచ్చింది. అందరి కళ్లూ మిల్టన్ మీద. ఎర్విన్ మాత్రం తెర పైఅంచున, అవతలి గీత పక్కన, తనను వెతుక్కున్నాడు. కనిపించాడు. సన్నగా, వేగంగా, పిచ్చివాడిలా పరుగెడుతున్నాడు. వెంట ఎవరూ లేరు. వెనక కాపు ఒక్కసారి అతని వైపు చూశాడు, అక్కర్లేదనుకున్నాడు, తల తిప్పుకున్నాడు. తిప్పుకుని మిల్టన్ మీదికే వెళ్లాడు. ఫొటోలో వేలాడుతున్న ఇద్దరిలో ఒకడు వాడే. మిల్టన్ ఇద్దరి మీద నుంచీ బంతి తీసుకున్నాడు, ఎవరి పుణ్యమూ అక్కర్లేకుండా. గదిలో చప్పట్లు. దీపాలు వేశాక మిల్టన్ లేచి, ఆప్రికాట్ కొలాచీ నములుతూ, మళ్లీ అదే అన్నాడు, "చూశారుగా, ఎర్విన్ వాణ్ణి ఎలా లాక్కుపోయాడో!" అతనూ చూశాడు. అదే తెర, అవే కళ్లు. చూసి కూడా అన్నాడు. ముష్టివాడి ముందు చిల్లర పడేసి చప్పుడు కాకుండా నడిచిపోయేవాడిలా అన్నాడు.

బంతి మళ్లీ చేతులు మారింది, గార్నర్‌విల్‌వాళ్లు కాసేపు ముందుకొచ్చారు, ఆగిపోయారు, బంతిని దూరంగా తన్ని వదులుకున్నారు. వెల్కా చేతికి చివరిసారిగా బంతి. గడియారం పెద్ద అంకెలు తింటూ పోతోంది. దూరంగా కంచె దగ్గర నీలం చొక్కా మనిషి ఒకడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పొద్దుట్నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు. కాలేజీ నుంచి ట్రేస్‌ను చూడ్డానికి వచ్చాడని ఊరంతటికీ తెలుసు. పట్టిన బంతి ఒక్కటీ లేకపోతే ఆయన ఏం రాసుకుని పోతాడు? కుర్రాడు వేగంగా పరుగెత్తాడు అని. హైవే మీద కుక్కలు కూడా పరుగెడతాయి. ట్రేస్ కాలేజీ చదువు ఎర్విన్ గాజు కిటికీ దాకా వచ్చి ఆగిపోతుంది, వచ్చే ఏడు వాడు తండ్రితో పాటు పాల డిపోలో డబ్బాలు కడుగుతాడు, ముప్ఫై ఏళ్లకు తను ఎంత వేగంగా పరుగెత్తేవాడో బీరు తాగుతూ చెప్పుకుంటాడు, వినేవాళ్లు నవ్వుతారు. ఇదంతా ఎర్విన్ నాలుక చివర ఉంది. అది అతనికి బాధగా లేదు. తియ్యగా ఉంది. తియ్యగా ఉండటం చూసి కూడా అతను సిగ్గుపడలేదు. నాకెవడు ఇచ్చాడు?

లిడ్డీ ఉంటే ఇవ్వమనేది. పోయిన శరదృతువులో, నడవలేని రోజుల్లో, పికప్‌లో కూర్చోబెట్టి సాధనకు తీసుకొచ్చేవాడు. మోకాళ్ల మీద దుప్పటి, తలకు ఉన్ని టోపీ, అద్దం దించి ట్రేస్ పరుగెత్తినప్పుడల్లా చప్పట్లు కొట్టేది. ఆ చేతుల్లో చప్పుడు కూడా లేదు, రెండు ఆకులు తగిలినట్టు. "ఆ పిల్లాడికి బంతి ఇవ్వవేం ఎర్విన్?" అనేది. రోజూ అదే. మిల్టన్ మనవడి కోసం చప్పట్లు. ఆ గెలిచిన రాత్రి ఆమె రొమ్ము మీద ఉన్న పువ్వు మిల్టన్ ఇచ్చింది. అప్పట్లో నిజం పూలు, పిడికిలంత తెల్ల చామంతి, ఎర్ర రిబ్బన్ మీద బంగారు అక్షరాలతో లిడియా, మిల్టన్. బ్యాండులో క్లారినెట్ వాయించేది, యూనిఫాం మీద ఆ పువ్వు. తర్వాత మిల్టన్ డొరతీని చేసుకున్నాడు, లిడ్డీ ఎర్విన్‌ను చేసుకుంది. ఎందుకు చేసుకున్నావని ఒకసారి అడిగితే, "నువ్వడిగావు కాబట్టి" అంది. అడిగినవాళ్లలో మిగిలినవాడివి నువ్వు కాబట్టి అని అతను విన్నాడు. నలభై ఆరేళ్లు అలాగే వింటూ వచ్చాడు.

"మాస్టారూ, ఇంకెంతో టైం లేదు. చెప్పండి."

"మధ్యలోకే."

మధ్యలోకే వెళ్లింది, నాలుగు గజాలు. ఊరు అరిచింది. అరుపులో కోపం ఉంది. ట్రేస్ చెయ్యెత్తలేదు ఈసారి. అది ఎర్విన్‌కు నచ్చింది. తర్వాత, ఎందుకో, నచ్చలేదు.

పికప్‌లో ఒకరోజు. ఎండ వాలుతోంది, మైదానంలో పిల్లలు నీళ్లు తాగుతున్నారు. లిడ్డీ ఉన్నట్టుండి నవ్వింది. "ఆ రాత్రి ఏమైందో తెలుసా, మిల్టన్ బంతి పట్టిన రాత్రి? అందరూ బల్లలెక్కేశారు. నేనేమో ఇంత పొట్టి. మిల్టనూ కనపళ్లేదు, బంతీ కనపళ్లేదు. అవతలి పక్క నువ్వొక్కడివే కనిపించావు. ఎవడూ తరమకుండానే అంత పరుగేంటి వీడికి అనుకున్నా." చెప్పి మళ్లీ నవ్వింది, దగ్గొచ్చింది. ఎర్విన్‌కు ఒళ్లు మండింది. ఎవడూ తరమకుండానే? వెనక కాపు నా వెనకే ఉన్నాడే! నన్ను తరుముకుంటూ వచ్చాడే! నువ్వు చూసుంటే తెలిసేది, అన్నాడు. చూశాను కాబట్టే చెప్తున్నా, అంది. చూడలేదు, అన్నాడు. నువ్వు చూసింది మిల్టన్‌ని, ఇప్పుడు పోయేముందు నాకు ముష్టి వెయ్యకు. రేడియో పెట్టాడు. పత్తి ధరలు చెబుతున్నారు. ఆమె అద్దం ఎత్తేసింది. రెండ్రోజులు మాట్లాడలేదు అతను. రెండ్రోజులంటే అప్పటికి ఆమెకు మిగిలినవాటిలో చాలా.

బ్రానన్ ఆట ఆపాడు. పిల్లలు గీత పక్కకు చేరి నీళ్లు కుమ్మరించుకుంటున్నారు. ఇక రెండు ఎత్తులు, మహా అయితే మూడు. "ట్రేస్ ఖాళీగా ఉన్నానంటున్నాడు మాస్టారూ," అన్నాడు బ్రానన్ గొంతు తగ్గించి. "వాడు అబద్ధం ఆడడు."

"వాడు చెప్పాలా, నాకు కళ్లు లేవా?"

"అది కాదండీ..."

"ముందు వాణ్ణి ఖాళీగానే పరుగెత్తించు. ఒచోవాకు వెయ్యండి."

ఒచోవా అవతలి పక్క ఆడే పిల్లాడు, మెల్లగా నడిచేవాడికంటే కొంచెం నయం. బంతి వాడి దాకా పోయింది, పోయి తగిలి కింద పడింది. దాన్ని ఎర్విన్ సరిగా చూడలేదు. అతని కళ్లు వెనక కాపు మీద ఉన్నాయి. గార్నర్‌విల్ కుర్రాడు, ఎర్రజుట్టు, తొమ్మిదో నంబరు. ట్రేస్ దూసుకుపోతుంటే వాడు ఒక్కసారి అటు చూశాడు. అక్కర్లేదనుకున్నాడు. తల తిప్పుకున్నాడు.

అదే మెడ. అదే తిప్పడం. సోమవారం బూడిదరంగులో చూసింది ఇప్పుడు రంగుల్లో. ఈగ వాలితే తోలకుండా ఊరుకున్నట్టు. ఎర్విన్ పిడికిళ్లు బల్ల మీద బిగుసుకున్నాయి, అట్ట కింద పడింది. ట్రేస్ మీద జాలి కాదు. ట్రేస్ ఏమైపోతే అతనికేం. మిల్టన్ మనవడు, మిల్టన్ చేతులు. కానీ ఆ ఎర్రజుట్టు వెధవ, అలా తల తిప్పుకోవడానికి వాడెవడు? పరుగెత్తేవాణ్ణి చూసి అక్కర్లేదనుకోవడానికి వాడెవడు?

"బ్రానన్."

"చెప్పండి."

"ట్రేస్‌కు. ఎంత దూరం వెయ్యగలడో అంత దూరం వెయ్యమను. ఒచోవాను అవతలి పక్క ఉత్తినే పరుగెత్తించు."

"ఖాయమేనా మాస్టారూ?"

"ఆ ఎర్రతలవాడు పరుగెత్తాలి. వాడి ఊపిరి ఆగేదాకా పరుగెత్తాలి. వెయ్యమను."

వరసలు కట్టారు. ట్రేస్ ఇవతలి గీత పక్కన, మెట్లకు దగ్గరగా. బంతి కదిలింది. ఎర్రజుట్టువాడు ఒకసారి చూశాడు, తల తిప్పుకున్నాడు, అంతలోనే మళ్లీ తిప్పాడు, ఈసారి నోరు తెరుచుకుని. అది ఎర్విన్ కళ్లారా చూశాడు. అప్పుడే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ చెయ్యి వెనక్కి వెళ్లి ముందుకొచ్చింది, బంతి ఎండలోకి లేచింది, ఊరంతా లేచింది, గాజు ముందు మిల్టన్ బల్ల ఎక్కాడు, ఆరుగురు ముసలాళ్లూ బల్ల ఎక్కారు, కిటికీ నిండా వీపులు, తెల్ల టోపీలు. ఎర్విన్ కుర్చీ తన్నేసి లేచాడు. లేచినా అంతే. బంతి లేదు, ట్రేస్ లేడు, ఇవతలి గీత లేదు. మిల్టన్ మోచేతికీ డొరతీ భుజానికీ మధ్య జానెడు సందు, ఆ సందులో మైదానం అవతలి పక్క. అక్కడ ఒక్క పిల్లాడు పరుగెత్తుతున్నాడు. ఒచోవా. తల వెనక్కి వేసి, చేతులతో గాలి కోసుకుంటూ, మెల్లగా, ఉన్నదంతా పెట్టి. వాడి వెంట ఎవరూ లేరు. బంతి తన దగ్గరికి రాదని వాడికి తెలుసు. ఎవడూ తరమకుండానే అంత పరుగేంటి వీడికి, అనుకున్నాడు ఎర్విన్.

అనుకుని ఆగిపోయాడు. ఆ మాట తనది కాదు. ఎవరూ తరమలేదని ఈ ఊళ్లో ఎవరికి తెలుసు? ఫిల్ము బయటికొచ్చింది సోమవారం. యాభై ఏళ్లు మిల్టన్ తరిమాడనే చెప్పాడు, ఎర్విన్ తరిమాడనే చెప్పాడు, ఊరు తరిమాడనే నమ్మింది. తరమలేదని అన్నది ఒక్కతే మనిషి. బల్లలెక్కిన జనం వెనక, క్లారినెట్ పట్టుకుని, ఇంత పొట్టిది.

ఒచోవా చివరి గీత దాటాడు. దాటి, ఎవరూ లేని చోట, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగాడు. గాజు అదిరేలా అరుపు, గంటలు, గంటల మీద గంటలు. అరుపు ఇవతలి మెట్ల నుంచే. మిల్టన్ ఏడుస్తున్నాడు కాబోలు, వీపు కదులుతోంది. ఎర్విన్ సందులోంచి కళ్లు తియ్యలేదు.

"చూశారా!" చెవిలో బ్రానన్ కేక. "మాస్టారూ! చూశారా?"

"చూశాను," అన్నాడు ఎర్విన్. "చివరిదాకా పరుగెత్తాడు."

"ఏమన్నా పరుగా అది! ఆ పట్టడం..."

"ట్రేస్ కాదు. ఒచోవా."

అవతల అరుపులు ఇంకా ఆగలేదు.

"ఎవరూ?" అన్నాడు బ్రానన్.